సీలు ఉంది కదా అన్నాడు

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ కిరాణా కొట్లవాళ్ళకి అప్పలకొండంటే హడలు. బిస్కట్ ప్యాకెట్ కొన్నా, సబ్బు కొన్నా, అగరొత్తుల కట్ట కొన్నా ఆవిడ కొట్టు మెట్టు మీదే విప్పుతుంది. విప్పి, లోపల చూసి, బాగుందనుకున్నాకే డబ్బు తీస్తుంది. కొత్తగా కొట్టు పెట్టిన బెంగాలీ ఆయన ఒకసారి "దీదీ, కంపెనీ ప్యాకెట్, ఖుల్‌బేన్ నా" అంటూ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఆవిడ వేసిన కేకకి ఎదురుగా ఆటో ఎక్కుతున్న మనిషి దిగిపోయాడు.

"కంపినీ అయితే ఏటి, నీకు సుట్టమా? ఇప్పి సూసినాకే డబ్బు. సూడకుండా పట్టుకెల్లడానికి నానేటి యెర్రిదాన్నా?"

పెళ్ళిళ్ళలోనూ అంతే. తను చదివించే స్టీలు డబ్బా రంగు కాగితం తనే చింపి, పెళ్ళికూతురికి చూపించి, "సూసుకోమ్మా, మూత కూడా ఉంది. రేపు నన్ననొద్దు" అని మరీ చేతిలో పెట్టే మనిషి. వెనకాల అందరూ సీలు అప్పలకొండ అంటారు. ఎదురుగా అనే దమ్ము ఎవరికీ లేదు. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలీనివాళ్ళు నవ్వారంటే సరే. తెలిసినవాళ్ళు కూడా నవ్వారు చూడండి, వాళ్ళననాలి.

అప్పలకొండ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరినవాడు. తండ్రిదీ, మొగుడిదీ కూడా రైలు పనే. మొగుడు జబ్బు చేసి పోయాక ఆయన బదులు ఆవిడకి ఓ సామాన్ల డిపోలో ఖలాసీ ఉద్యోగం ఇచ్చారు. ఏ డిపో అన్నది ఇప్పుడనవసరం. అక్కడికి సరుకు చెక్కపెట్టెల్లో వచ్చేది. పెట్టెకి తీగ చుట్టి, ముడి మీద సీసం బిళ్ళ పెట్టి నొక్కి ఉండేది. అదే సీలు. ఆ తీగ తెంచాలి, పెట్టె విప్పాలి, సరుకు చూసుకోవాలి, అప్పుడు సంతకం పెట్టాలి. అప్పలకొండకి నేర్పిన పని అదే. ఆవిడ ఒళ్ళు దాచుకోకుండా చేసేది.

డిపోలో పైఅధికారి హరిబాబు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, బుగ్గన పాన్. తెలుగువాడే అయినా ఖలాసీలతో సగం హిందీలోనే మాట్లాడేవాడు, పూర్తిగా తెలుగులో మాట్లాడితే ఎక్కడ వరసలు కలుపుతారోనని. విశ్వకర్మ పూజ ముందు రోజు మధ్యాహ్నం, అందరూ అన్నాలకి వెళ్ళిన వేళ, ఇత్తడి బేరింగుల పెట్టె ఒకటి వచ్చింది. తీగ తెంచడానికి అప్పలకొండ పట్టకారు అందుకుంది. హరిబాబు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు.

"సీలు ఉంది కదా, తెరవక్కర్లేదు. సంతకం పెట్టి లోపల పడెయ్. పూజ పనులున్నాయి, జల్దీ."

పైవాడు చెప్పాడు, ఆవిడ పెట్టింది. పూజ అయ్యాక పెట్టె విప్పితే లోపల తుప్పు పట్టిన ఇనపముక్కలు. బేరింగుల జాడ లేదు.

ఎంక్వైరీలో హరిబాబు కళ్ళార్పకుండా చెప్పాడు. "విప్పి చూడమనే నేను రోజూ మొత్తుకుంటాను సార్. ఈవిడ చూడలేదు. సంతకం ఈవిడదే కదా!" అంతే, చేతులు దులుపుకున్నాడు. "సంతకం ఆరే ఎట్టమన్నారు బాబూ" అని అప్పలకొండ గొంతు పోయేలా అరిచింది. విన్నవాళ్ళెవరున్నారని అడిగారు. ఎవరూ లేరు. చార్జిషీటు ఇచ్చారు, ఉద్యోగం మాత్రం ఉంచారు. అంతటితో పోయినా బాగుండును. మొగుడు పోయిన ఆడది ఇత్తడి అమ్ముకు తిన్నదన్న మాట ఊరంతా పాకింది. మాతాపూజ ప్రసాదం పంచేవాళ్ళు ఆవిడ గుమ్మం ముందు చూడనట్టు నడిచారు. కూతురు స్వాతి బడి నుంచి ఏడ్చుకుంటూ వచ్చి, "అమ్మా, నన్ను దొంగ కూతురంటన్నారే" అంది. ఆ రోజు నుంచి అప్పలకొండ కడుపులో రాజుకున్నది ఇప్పటికీ ఆరలేదు. ఎలా ఆరుతుంది?

ఆవిడని విడిచిపెట్టకుండా ఉన్నది ఒక్క మీనాకుమారి. అదే డిపోలో ఖలాసీ, పక్క క్వార్టరులోనే ఉండేది. అప్పలకొండ సాయంత్రం డ్యూటీలో ఉంటే స్వాతికి అన్నం పెట్టింది మీనాకుమారే. పిల్ల ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేది. ఆ సంగతి ఎప్పుడొచ్చినా మీనాకుమారి నిట్టూర్చేది. "నానుండుంటే సెప్పేదాన్ని అప్పా. ఏటి సేత్తాం, ఆ ఏలకి ఎవులూ నేకపోనారు." ఆ ఒక్క మాట పట్టుకుని అప్పలకొండ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. ఇద్దరూ రిటైరయ్యాక ఝపటాపూర్‌లో పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నారు.

డిపోలో సరుకు దింపించే మేస్త్రీ వెంకటరావుకి రిటైరయ్యాక ఊళ్ళు తిప్పే సరదా పట్టుకుంది. పాత డిపో వాళ్ళందరినీ పూరీ తీసుకెళ్ళాడు, డార్జిలింగ్ తీసుకెళ్ళాడు, ఈసారి సింగపూర్ అన్నాడు. అప్పలకొండ డబ్బు కట్టేసిన తర్వాత తెలిసింది, హరిబాబు కూడా వస్తున్నాడని. స్వాతి టాటానగర్ నుంచి ఫోను చేసి మానెయ్యమంది. ఆవిడ అక్కడే టీచరు. మాట మెత్తగా ఉంటుంది, తల్లి పోలిక రాలేదు.

"ఆడొత్తే నాను మానాలా? తప్పు సేసినోడు ఇమానం ఎక్కొచ్చు, నానెక్కకూడదా? ఎల్తాను. ఆడి ముందు సీటులో కూకుంటాను" అంది అప్పలకొండ.

కలకత్తా విమానాశ్రయంలోనే మొదటి గొడవ అయింది. చేతిసంచిలో పెట్టుకున్న కొబ్బరినూనె సీసాని తనిఖీ పిల్ల పైకి తీసింది. వంద మిల్లీలీటర్లు దాటిన సీసా విమానంలోకి రాదంది. సీసా పెద్దదేగాని నూనె అడుగంటింది. అప్పలకొండ దాన్ని వెలుతురుకి ఎత్తి చూపించింది.

"ఎక్కడమ్మా వంద? నాలుగు సుక్కలుంది, కళ్ళు పెట్టుకు సూడు!"

వెనక లైన్లో హరిబాబు ముసిముసిగా నవ్వాడు. ముసలాడయ్యాడుగాని ఇస్త్రీ చొక్కా పోలేదు. "సీసా సైజు చూస్తారు అప్పలకొండా, లోపలెంతుందో చూడరు. పెద్ద పెట్టెలో పడెయ్యాల్సింది. ముందు నన్నడిగితే చెప్పేవాణ్ణి."

ఇతన్ని అడగాలట! అప్పలకొండకి ఒళ్ళు మండిపోయింది. "లోపలేటుందో సూడకుండా పైన సూసి పారేత్తారా? ఇదేటి తనికీ?" అంది. అంటూనే సీసా డబ్బాలో పడింది. నాలుగడుగులు వేస్తే ఎదురుగా అద్దాల కొట్టు. అరల నిండా లీటరు సారా సీసాలు, అత్తరు సీసాలు, లైట్ల కింద తళతళలాడుతున్నాయి. అప్పలకొండ అక్కడే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

"నా నాలుగు సుక్కల నూని పేలిపోతాది, ఈ సారా పేలదేటి?"

"ఇవి లోపల తనిఖీ అయి వచ్చినవి అప్పా" అన్నాడు వెంకటరావు, నలుగురూ చూస్తున్నారని ఆవిణ్ణి ముందుకి నెడుతూ. "డ్యూటీ ఫ్రీ అంటే ఇదే. పన్నుండదు. కొన్నాక సంచీలో పెట్టి అంటించేత్తారు, ఆ సంచీ అయితే ఒదిలేత్తారు." "బాగుంది" అంది అప్పలకొండ. "మనది తీసి డబ్బాలో ఎయ్యడం, ఆల్లది మనకి అమ్మడం." సింగపూర్‌లో దిగేదాకా అదే మాట మీద ఉంది. పక్క సీటులో మీనాకుమారి నిద్ర నటించి తప్పించుకుంది.

సింగపూర్ బాగానే ఉంది. చేపలు చూశారు, దీపాలు చూశారు, వెంకటరావు అందరికీ ఫొటోలు తీశాడు. హరిబాబు ఎదురుపడినప్పుడల్లా అప్పలకొండ మొహం తిప్పుకుంది. అతను మాత్రం ఏమీ జరగనట్టు "టీ తాగావా అప్పలకొండా?" అని పలకరించాడు. తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయం కొట్లో తన వంతు విస్కీ సీసాలు రెండు కొనుక్కున్నాడు. ఒక్కో మనిషి రెండు లీటర్లే తేవచ్చు. అతనికి అల్లుడి కోసం ఇంకోటి కావాలి. చూసి చూసి అప్పలకొండ దగ్గరికే వచ్చాడు. ఆవిడకి తాగుడు లేదు, ఆవిడ వంతు ఖాళీగా పోతోంది.

"నీ బోర్డింగ్ కార్డు ఒకసారి ఇస్తే చాలు. డబ్బు నాదే. కలకత్తాలో దిగాక నా చేతికిచ్చెయ్."

ఇది వినగానే ఆవిడ ఛీ కొట్టి పంపెయ్యాల్సింది. అసలు నోటిదాకా వచ్చింది కూడా. కానీ వెంకటరావు మధ్యలో దూరాడు. "పోనీ అప్పా, పెద్దాయన అడుగుతున్నాడు. పాత కక్షలు ఎన్నాళ్ళు మోత్తావు?" మీనాకుమారి మోచేత్తో పొడిచింది. "తియ్యి అప్పా, సీసాయే గదా." పాత డిపో వాళ్ళందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. అప్పుడు అప్పలకొండకి ఒక ఆశ పుట్టింది. ఇన్ని కళ్ళ ముందు ఇతని సరుకు తీసుకుని, ఇన్ని కళ్ళ ముందే భద్రంగా ఇతనికి అప్పజెబితే? అప్పుడైనా వీళ్ళు నోరు మూసుకుంటారేమో, తనకి పడ్డ మచ్చ కాస్తయినా పోతుందేమో. పిచ్చి ఆశే. కాని మచ్చ పడ్డవాళ్ళకి తెలుస్తుంది ఆ ఆశ ఎంత లాగుతుందో. కార్డు తీసి ఇచ్చింది.

కొట్టు పిల్ల సీసా ఉన్న అట్టపెట్టెని ఎర్ర అంచు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి అంటించింది. హరిబాబు దాన్ని తెచ్చి అప్పలకొండ చేతికి అందించాడు.

"విప్పి సూసి ఇచ్చినారా?" అంది ఆవిడ.

"సీలు ఉంది కదా, తెరవక్కర్లేదు. ఇంటికెళ్ళేదాకా ఎవరూ తెరవకూడదు" అన్నాడు హరిబాబు.

ఎందుకు తెరవకూడదో చెప్పాడా? లేదు. దార్లో మరో ఊళ్ళో విమానం మారాలని, అక్కడ మళ్ళీ తనిఖీ ఉంటుందని, ఆ సంచి మూతి ఊడితే సరుకు పోయినట్టేనని చెప్పాడా? లేదు. ఆ నాలుగు మాటలు చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడకి వినిపించింది మొదటి మాట ఒక్కటే. అదే గొంతు, అదే మాట. విమానం ఎక్కి కూర్చున్నా ఆ మాట చెవిలో గిరగిర తిరుగుతూనే ఉంది. ఒళ్ళో సంచి ఉంది, లోపల అట్టపెట్టె ఉంది, పెట్టెలో ఏముందో తనకి తెలీదు. రేపు కలకత్తాలో విప్పి, పగిలిందనో, ఖాళీ అనో, వేరేదనో అంటే? మళ్ళీ తన పేరే. తన కార్డే. భోజనాల పళ్ళేలు తీసేశాక అప్పలకొండ మంగళసూత్రం ఉండాల్సిన చోట గుచ్చుకుని తిరిగే పిన్నీసు తీసింది. సంచి మూతి జాగ్రత్తగా చీల్చింది. అట్టపెట్టె తెరిచింది. సీసా నిండుగా ఉంది, బిరడా గట్టిగా ఉంది, పగులు లేదు. చేత్తో తడిమి, తలకిందులు చేసి కారడం లేదని కూడా చూసుకుంది. అప్పుడు గుండె కుదుటపడింది. మళ్ళీ పెట్టెలో పెట్టి, సంచిలో దోపి, మూతి మడిచి పిన్నీసు పెట్టింది. సరుకు సరిగ్గా ఉంది, ఇంక ఎవడేమంటాడు అనుకుని ఆ ప్రయాణంలో మొదటిసారి హాయిగా కళ్ళు మూసుకుంది.

విమానం మారే ఊళ్ళో అందరూ మళ్ళీ వరసలో నిలబడ్డారు. హరిబాబు సంచి బల్ల మీది నుంచి ఇటు పోయి అటు తేలింది, అతను తీసుకుని పక్కకి నిలబడ్డాడు. అప్పలకొండ సంచి ఆగిపోయింది. అధికారి పిన్నీసు తీసి, చీలిన మూతి చూపించి, సీలు తెగింది కాబట్టి ఇది వెళ్ళదని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడకి అర్థమైంది. "నో, నో, ఐ ఓపెన్, ఐ చెక్. ఆల్ ఠీక్ హై" అంది. అతను కోపంగా ఏమీ లేడు. అతని ఉద్యోగం అతను చేస్తున్నాడు. అయితే ఈ సంచి మీదేనా, ఎవరైనా మోయమని ఇచ్చారా అని అడిగాడు.

దీనికి నిజం తప్ప వేరే జవాబు ఆవిడకి తెలీదు. వేలు చాచి హరిబాబుని చూపించింది. "హీ గివ్. హిజ్ బాటిల్."

అధికారి హరిబాబు వైపు తిరిగాడు. హరిబాబు మొహంలో రక్తం లేదు. పరాయి దేశం, యూనిఫారం, చేతిలో పాస్‌పోర్టు. నోట్లోంచి మాట తన్నుకొచ్చింది.

"నో సార్. నాట్ మైన్. హర్ బాటిల్. హర్ బోర్డింగ్ కార్డ్ సార్, ప్లీజ్ చెక్!"

పాత డిపో అంతా అక్కడే ఉంది. అతను డబ్బు కట్టడం చూసినవాళ్ళు, సంచి చేతికివ్వడం చూసినవాళ్ళు, కక్షలు మోయకని బుద్ధులు చెప్పినవాళ్ళు. ఒక్కరు నోరు విప్పలేదు. వెంకటరావు బెల్టు పెట్టుకోవడంలో మునిగిపోయాడు. మీనాకుమారి చెప్పులు వెతుక్కుంది. అప్పలకొండని పక్క గదిలోకి తీసుకెళ్ళి, చేతిసంచి బల్ల మీద కుమ్మరించారు. విభూతి పొట్లం, మందుబిళ్ళలు, మార్చుకునే లోపలి బట్టలు, అన్నీ ఒక పరాయి ఆడపిల్ల చేతి తొడుగు వేసుకుని కదిపి చూసింది. ఒళ్ళంతా తడిమింది. ఏమీ లేదని తేలాక క్షమించమని పంపేసింది. సీసా మాత్రం డబ్బాలో పడిన చప్పుడు ఆ గదిలోకే వినిపించింది.

బయటికొచ్చేసరికి అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. హరిబాబు కాస్త దూరంగా ఉన్నాడు. ఆవిణ్ణి చూసి, తనే దెబ్బలాటకి దిగాడు.

"తెరవొద్దని చెప్పానా లేదా? మళ్ళీ సరుకు పోగొట్టావు! నీ బుద్ధి మారదు."

అప్పలకొండ తిన్నగా వెళ్ళి అతని ముందు నిలబడింది. ఆ హాలులో వందమంది ఉన్నారేమో, అందరూ తలలు తిప్పారు.

"మల్లీ అన్నావా? ఆ మల్లీ అన్న మాట ఇంకోపాలి అను! ఆ రోజు ఇప్పకన్నావు, ఇప్పలేదని నన్ను దొంగని సేసినావు. ఇయాల ఇప్పకన్నావు, ఇప్పినానని దొంగని సేసినావు. ఇప్పినా నానే, ఇప్పకపోయినా నానే! ఏటయ్యా హరిబాబూ, నీ సరుక్కి నువ్వెప్పుడు పూసీ పడతావు? సంతకం నాది, కార్డు నాది, సరుకు నీది! సీసా పోతే నీకు ఏడుపొచ్చింది. నా పిల్ల బడిలోంచి ఏడుసుకుంటా వొచ్చింది, అది నీకు ఎరికేనా?"

"అరవకు, పోలీసులొస్తారు" అన్నాడు హరిబాబు, గొంతు తగ్గించి. "కార్డు నీదే కదా, నేనన్నది తప్పా?"

అన్నాడు. అందరి ముందూ అన్నాడు. ఆ మాటతో అక్కడున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. హరిబాబు లేచి వేరే వరస కుర్చీల్లోకి పోయాడు. కలకత్తాలో దిగాక ఎవరితోనూ చెప్పకుండా టాక్సీ ఎక్కాడు. మిగిలినవాళ్ళు హౌరా వచ్చి లోకల్ బండి ఎక్కారు. అప్పలకొండ కిటికీ పక్కన కూర్చుని పళ్ళు కొరుకుతూనే ఉంది, కాని లోపల ఎక్కడో చిన్న సంతోషం. చూశారు కదా. ఇన్నాళ్ళకి అందరూ కళ్ళారా చూశారు కదా.

మర్నాడు పొద్దున్నే వెంకటరావు, మీనాకుమారి, ఇంకో ఇద్దరు పాత ఖలాసీలు ఆవిడ ఇంటికి వచ్చారు. వెంకటరావు చేతిలో పక్క పేట ఇందాలో కొన్న రసగుల్లాల కుండ ఉంది. అప్పలకొండ కుర్చీలు వేసి టీ పెట్టింది. ఇన్నేళ్ళకి తన ఇంట్లో నలుగురు కూర్చుంటే ఆవిడకి కాళ్ళు నేల మీద ఆగలేదు. కప్పులు కడిగినవే మళ్ళీ కడిగింది.

"ఆడి రంగు బయటపడింది అప్పా" అన్నాడు వెంకటరావు. "నువ్వింక ఏ బెంగా పెట్టుకోకు. నీ తప్పు నేదని మాకు తెల్దేటి?"

"నిన్న సూసినారు గదా మరి" అంది అప్పలకొండ టీ అందిస్తూ.

"నిన్నేటి అప్పా" అంది మీనాకుమారి. ఓదార్పుగా చెయ్యి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. "ఆ రోజే తెలుసు. నాను ర్యాకు ఎనకాల కూకుని అన్నం తింటన్నాను. ఆడు సంతకం ఎట్టమన్నాడు, ఇన్నాను. సాయంత్రమే ఈలందరికీ సెప్పినాను. నీమీద మాకెప్పుడూ అనుమానం నేదు."

అప్పలకొండ చేతిలో కప్పు అలాగే ఉంది. ముందు ఆవిడకి మాట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"తెలుసా?" అంది. "ఇన్నావా? ఇని, రోజూ నా పక్కన కూకుని, ఎవులూ నేకపోనారు అప్పా అన్నావా?"

"ఆడు పైవాడప్పా. నా ఉజ్జోగం తీయించేసీవోడు. నాకు పిల్లలుండే..."

"నాకు నేరా? నాకున్నది పిల్ల కాదా, కోడిపిల్లా?" అప్పలకొండ కప్పు బల్ల మీద కొడితే టీ ఎగిరి వెంకటరావు లాల్చీ మీద పడింది. "ఏటయ్యా ఎంకటరావూ, నీకూ తెలుసా? ఊరు నన్ను దొంగంటే నువ్వూ నవ్వినావు గదా. సీలు అప్పలకొండని పేరెట్టింది మీరే గదా! రిటైరయ్యి ఎన్నేళ్ళయింది? ఇప్పుడెవుడు మీ ఉజ్జోగాలు తీసేత్తాడు? నిన్న ఆ బల్ల కాడ నన్ను నిలబెట్టి అడుగుతుంటే, ఆడి సీసా అని ఒక్కడనడానికి ఏటొచ్చింది మీ నోటికి? ఆడు నన్ను రెండుపాల్లు దొంగని సేసినాడు. మీరు తెలిసి తెలిసి రోజూ సేసినారు. లెగండి. ఆ కుండ కూడా పట్టుకుపొండి, నా గుమ్మంలో పెట్టకండి!"

లేచారు. మీనాకుమారి గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయింది. అప్పలకొండ తలుపు ఆవిడ మొహం మీదే వేసింది.

మధ్యాహ్నం స్వాతి ఫోను చేసింది. వెంకటరావు అప్పటికే ఎవరితోనో చెప్పాడు, వాళ్ళు ఆవిడకి చెప్పారు. హరిబాబు బండారం బయటపడిందని స్వాతి గొంతులో సంబరం.

"అయితే అందరికీ నిజం తెలిసిపోయిందన్నమాట. ఇంక నువ్వు ప్రశాంతంగా ఉండమ్మా."

"ఆల్లకి అప్పుడే తెలుసంట" అంది అప్పలకొండ. "మొదట్నించీ తెలుసంట. తెలిసి ఊరుకున్నారంట."

బడిలో పిల్లల అల్లరి ఫోనులోంచి వినిపిస్తోంది.

"అందరికీనా?" అంది స్వాతి. "మీనా పిన్నికి కూడానా అమ్మా?"

"సెవులారా ఇన్నది ఆవిడేనంట" అంది అప్పలకొండ. "దొంగ కూతురన్నారని నువ్వేడిసిన రోజున, నీ కళ్ళు తుడిసి అన్నం పెట్టింది కూడా ఆవిడే గదే."